ముప్పై ఒకటో నంబరు పళ్లెం

“నువ్వు తినడం లేదు, సరే. మరి నీ పళ్లెంలో అన్నం ఎవరి పొట్టలోకి పోతోందయ్యా?”

గడ్డిఅన్నారంలో మగపిల్లల హాస్టల్ నడిపే కోటేశ్వరమ్మ, మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ వింటుండగా శేఖర్‌ను అడిగిన ప్రశ్న ఇది. శేఖర్ దగ్గర జవాబు లేకపోలేదు. ఆ జవాబు సరిగ్గా అప్పుడే గోడవారన కూర్చుని, పప్పు పలచగా ఉందని గొణుగుతూ అన్నం కలుపుకుంటోంది.

శేఖర్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. నకిరేకల్ దగ్గర పల్లె. బ్యాంకు ఉద్యోగం కోసమని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి నాలుగేళ్లయింది. ఉద్యోగం రాలేదు గానీ, ఉద్యోగానికి తయారవడమే ఒక ఉద్యోగంగా స్థిరపడింది. అలాంటివాళ్లు ఆ వీధుల్లో వేలమంది. మెట్రో స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీల్లో ర్యాంకర్లు నవ్వుతుంటారు. ఆ నవ్వేవాళ్లు ఒక్కరూ కింద కనబడరు, కింద కనబడేవాళ్లు ఒక్కరూ నవ్వరు.

తండ్రి సీతారాములు ఊళ్లో ఎవరిదో ట్రాక్టర్ నడుపుతాడు. నెలనెలా హాస్టల్‌కని ఆరు వేలు పంపుతాడు. మూడు పూటల తిండీ అందులోనే. తిన్నా తినకపోయినా రేటు మారదు. అంతకుమించి పంపడం ఆయనవల్ల కాదు. శేఖర్‌కేమో మెయిన్స్ బ్యాచ్‌లో చేరడానికి ఇరవై వేలు కావాలి. ఆ బ్యాచ్‌లో చేరితే ఉద్యోగం వచ్చేస్తుందని కోచింగ్ సెంటర్ డైరెక్టర్ చెప్పాడు. ప్రిలిమ్స్ బ్యాచ్ అప్పుడూ ఆయన అదే చెప్పాడు.

శేఖర్‌కు ఫోన్‌లో స్ఫూర్తి వీడియోలు చూసే అలవాటుంది. గొప్పవాళ్లంతా ఒకప్పుడు పస్తులున్నారని వాటిలో పదే పదే విన్నాడు. కాబట్టి పస్తులుంటే గొప్పవాళ్లమవుతామని తేల్చుకున్నాడు. బ్యాంకు పరీక్షలో రీజనింగ్ అని ఒక భాగం ఉంటుంది. అందులో అతనికి మార్కులెందుకు రావడం లేదో వేరే చెప్పక్కర్లేదు.

అయితే డబ్బు కట్టేసిన తిండి మానేస్తే మిగిలేదేమిటి? అక్కడే అతని బుర్ర మొదటిసారి పనిచేసింది.

కోటేశ్వరమ్మ హాస్టల్ మెస్ ఒకప్పుడు పండ్ల గోదాము. మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయాక గోదాముకు సున్నం కొట్టించి బల్లలు వేయించింది. అక్కడ బత్తాయి పెట్టెలు మోసిన గోపయ్యనే వడ్డనకు పెట్టుకుంది. కుర్రాళ్లు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి తినిపించి పోతున్నారని మొదటి నెలలోనే కనిపెట్టి, ప్రతి పళ్లెం మీదా మంచం నంబరు చెక్కించింది. పళ్లెం తెస్తేనే అన్నం. “మొహాలు చూసి మొహమాటపడొద్దు గోపయ్యా, పళ్లెం చూసి వడ్డించు,” అంది. గుంటూరు మనిషి, తన ఉపాయానికి తనే మురిసిపోయింది. నిజానికి పళ్లేన్ని మనిషి నుంచి విడదీసి, అమ్ముకోవడానికి వీలైన సరుకుగా మార్చింది ఆవిడే.

కొనేవాడు కోచింగ్ సెంటర్లోనే దొరికాడు. అర్థమెటిక్ చెప్పే ప్రసన్నకుమార్ సార్‌ది విజయవాడ వైపు. పక్క వీధిలో వంటగది లేని గదిలో ఒంటరిగా ఉంటాడు. ఒకనాడు సెంటర్ మెట్లమీద టీ తాగుతూ వాపోయాడు.

“నాలుగిడ్లీలకు యాభై తీసుకుంటున్నారయ్యా. జీతం చూస్తే రెండు నెలలకోసారి. మేమెలా బతకాలి చెప్పు?”

“సార్, మా హాస్టల్ల తింటరా? నా పళ్లెం ఇస్త. నెలకు రెండు వేలియ్యిండ్రి, సాలు.”

“మరి నువ్వో?”

“నాకేంది సార్, నూడుల్స్ ఉన్నయ్ గద.”

“అయ్యయ్యో, ఆరోగ్యం పాడైపోతుందయ్యా,” అన్నాడు ప్రసన్నకుమార్. ఆ జాలి చేతిలో టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. “రాత్రిళ్లు పెరుగు వేస్తారా?” అని అడిగాడు.

కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. శేఖర్ కూడు అమ్మి విద్య కొనబోయాడు.

కొన్నవి అన్నిటికంటే చవక నూడుల్స్. రంగు వెలిసిన పొట్లం, లోపల ఉప్పు తప్ప మరో రుచి తెలియని మసాలా. కోచింగ్ సెంటర్లో మంచినీళ్ల యంత్రానికి ఎర్ర కుళాయి ఒకటుంది, వేడినీళ్లకు. స్టీలు డబ్బాలో నూడుల్స్ విరిచి వేసి, ఆ నీళ్లు పట్టి, మూతపెట్టి, ఒక పాఠం విని వచ్చేసరికి అవి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. పొద్దున అదే, రాత్రి అదే. మధ్యాహ్నం అరటిపండు. దీన్ని అతను ‘డిసిప్లిన్’ అన్నాడు. రెండో నెలకు ఛాతీలో మంట మొదలైంది. దానికి మందుబిళ్లలు కొన్నాడు. మిగిల్చిన డబ్బులో కొంత మందుల షాపుకు పోతుంటే, అది ఖర్చు కాదు, పెట్టుబడి అనుకున్నాడు. మసాలా పొట్లంలో సగం దాచి సాయంత్రం మరమరాల మీద చల్లుకునేవాడు. ఆ సంగతి ఎవరైనా అడిగితే బాగుండునని చూసేవాడు కూడా. త్యాగం చేసేవాడికి ఆకలికంటే ప్రేక్షకులు లేకపోవడం ఎక్కువ బాధిస్తుంది.

ఒక్క చిక్కుండేది. సీతారాములు రోజూ రాత్రి ఫోన్ చేసేవాడు.

“తిన్నవార?”

“తిన్న నాయినా.”

“ఏం కూర?”

అందుకని శేఖర్ ప్రతి సాయంత్రం సార్‌ను ఆపి కూరేమిటో అడిగి తెలుసుకునేవాడు. సార్ చెప్పేవాడు: బెండకాయ, ఫర్లేదు; దొండకాయ, ఉడకలేదు. కొడుకు అదే తండ్రికి అప్పజెప్పేవాడు. “ఉడకనియ్యక వండుతున్నరా? మరి ఆమెకు చెప్పరాదుర,” అని ఊళ్లో కూర్చుని సీతారాములు ప్రసన్నకుమార్ తిన్న దొండకాయ గురించి బాధపడేవాడు.

పది నెలలు ఇలా నడిచింది. మొదటి ఏడు నెలలు సార్ డబ్బు సక్రమంగానే ఇచ్చాడు. ఆ తర్వాత సెంటర్ జీతాలు ఆపింది, సార్ శేఖర్‌కు ఆపాడు. తినడం మాత్రం ఆపలేదు. డబ్బుకు బదులు పొగడ్త ఇవ్వడం మొదలుపెట్టాడు. నిండు క్లాసులో శేఖర్‌ను లేపి నిలబెట్టి, “ఇతన్ని చూడండి. జిహ్వ చంపుకున్నాడు. అన్నం మానేసి నూడుల్స్‌తో చదువుతున్నాడు. ఇదీ కసి అంటే!” అన్నాడు. మానేసిన అన్నం ఏమవుతోందన్నది సిలబస్‌లో లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. శేఖర్ తలొంచుకుని నిలబడ్డాడు, ఒళ్లంతా చెవులు చేసుకుని.

చప్పట్లు డైరెక్టర్ గదిదాకా వినబడ్డాయి. ఆయన శేఖర్‌ను పిలిపించాడు. కెమెరా ముందు నాలుగు మాటలు చెబితే మెయిన్స్ బ్యాచ్ ఫీజు సగానికి తగ్గిస్తానన్నాడు. పది వేలు! నూడుల్స్‌కూ మందులకూ పోగా శేఖర్ చేతిలో నాలుగున్నాయి. సార్ ఇవ్వాల్సింది ఆరు. సరిగ్గా సరిపోతుంది. ఒకటో తారీఖుకు కడితే సీటు, లేకపోతే లేదు.

ఫ్లెక్సీ ముందు నిలబడి శేఖర్ చెప్పాడు: “పది నెలల సంది హాస్టల్ అన్నం ముట్టలే. నూడుల్సే తింటున్న. లక్ష్యం ముంగట ఆకలెంత?” చివరి మాట డైరెక్టర్ రాసిచ్చింది. మొదటి రెండూ అతని సొంతం. మునగడానికి ఆ రెండే సరిపోయాయి.

వీడియో కింద వందలమంది దండాలు పెట్టారు. మరునాటి మధ్యాహ్నానికి అది హాస్టల్ కుర్రాళ్ల ఫోన్లన్నీ తిరిగి కోటేశ్వరమ్మ ఫోన్‌కు చేరింది. ఆవిడకు దండం పెట్టబుద్ధి కాలేదు. నెలకెన్ని బస్తాలు ఉడుకుతున్నాయో తెలిసిన మనిషి. ఫోన్ పట్టుకుని సరాసరి మెస్‌లోకి దిగింది. సీసాలో నీళ్లు పట్టుకోవడానికి వచ్చిన శేఖర్ అక్కడే దొరికాడు. మొదట చెప్పిన ప్రశ్న అప్పుడడిగిందే.

శేఖర్ సీసా మూత బిగించాడు. ఆవిడ వడ్డించే చోటికి తిరిగింది.

“గోపయ్యా! ముప్పై ఒకటో నంబరు పళ్లెం ఎప్పుడన్నా రాకుండా ఉందా?”

“ఎన్నడు లేదమ్మా. గా పళ్లెం జర ఎక్కువనే తింటది. ఆదివారం కోడికూర నాడైతే మూడుసార్లొస్తది.”

“అది పట్టుకొచ్చేదెవరో చూడవా?”

“మొహం చూడకుమంటిరి గదమ్మా. పళ్లెమే జూసిన.”

కుర్రాళ్లు పగలబడి నవ్వారు. నవ్వుతూనే అందరూ గోడవైపు చూశారు. ప్రసన్నకుమార్ ముద్ద మింగి, గొంతు సవరించుకున్నాడు.

“నేను ఫ్యాకల్టీనండి. ఆ అబ్బాయి గురుభక్తితో తినమని బతిమాలితే, కాదనలేక...”

“కాదనలేక పది నెలలు తిన్నారా సార్? కోడికూర కూడా కాదనలేకేనా?”

“గురుభక్తేంది సార్?” అన్నాడు శేఖర్. గొంతు ఎప్పుడు లేచిందో అతనికే తెలియలేదు. “నెలకు రెండు వేలకు మాట్లాడుకున్నం గద. మూడు నెలల పైసలు ఇయ్యనే లేదు మీరు!”

“నలుగురి ముందూ డబ్బు మాటలేంటయ్యా, చదువుకున్నవాడివి,” అంటూ సార్ చెయ్యి కడుక్కుని, పళ్లెం అక్కడే వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

కోటేశ్వరమ్మ సాయంత్రానికల్లా గది ఖాళీ చేయమంది. అడ్వాన్స్ ఐదు వేలు తిండి ఖర్చు కింద ఉంచేసుకుంది. తిండికి డబ్బు ముందే కట్టాడు కదా, ఒక పళ్లేనికి ఒకరే కదా తిన్నారు, ఇక నష్టమేమిటని ఆవిడను ఎవరూ అడగలేదు. శేఖర్‌కూ తోచలేదు. నాలుగేళ్ల అర్థమెటిక్ ఆ పాటిది.

ఆ రాత్రి సీతారాములు ఫోన్ చేశాడు. ఎవరో ఆయనకూ వీడియో చూపించారు.

“అన్నం ముట్టలేదంటివి టీవీల. మరి మొన్న నాతోని బెండకాయ తిన్ననంటివి?”

“టీవీ కాదు నాయినా, ఫోన్ల...”

“ఏదైతేందిర! నెలనెలా ఆరు వేలు పెట్టి ఎవన్ని సాదిన నేను?”

శేఖర్ చెప్పాడు. అవతల ట్రాక్టర్ ఇంజను ఆపిన చప్పుడు వినబడింది. “ఇగ నేను పంప. నీది నువ్వు జూస్కో,” అని సీతారాములు పెట్టేశాడు.

ఒకటో తారీఖున శేఖర్ నాలుగు వేలు జేబులో పెట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్లాడు.

“సార్, ప్రసన్నకుమార్ సార్ నాకు ఆరు వేలియ్యాలె. ఆయనకు మీరు జీతమియ్యాలె. గా జీతంలకెల్లి ఆరు వేలు కట్ చేసి నా ఫీజు కింద రాస్కోండ్రి. మిగిలిన నాలుగు వేలు ఇగో.”

అతను జీవితంలో చేసిన లెక్కల్లో తప్పులేనిది ఇదొక్కటే.

“ఆయనకు మేం జీతం బాకీ ఉన్నామని నీకెవరు చెప్పారు?” అన్నాడు డైరెక్టర్.

“ఆయనే చెప్పిండు సార్.”

“మా సంస్థలో బాకీలుండవు. ఇక నీ రాయితీ అంటావా, అది త్యాగం చేసినవాళ్లకు. ప్లేటు అమ్ముకున్నవాళ్లకు కాదు.”

“అమ్మింది నేనే సార్, తిన్నది మీ సారే గద. ఆయన ఇంకా క్లాస్ చెప్తుండు!”

“ఆయన క్లాసే మొదలైంది. తలుపు దగ్గరికేసి వెళ్లు.”

వీడియో మాత్రం తీయలేదు. చూసేవాళ్లు పెరుగుతున్నారు. కింద ఇప్పటికీ దండాలు పెడుతున్నారు.

శేఖర్ ఇప్పుడు ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర, విజయవాడ వైపు వెళ్లే ప్రైవేటు బస్సుల టికెట్ కౌంటర్లో కూర్చుంటున్నాడు. గది హయత్‌నగర్‌లో, మరో ఇద్దరితో. అందులో ఒకడు వంట చేస్తాడు. ఛాతీ మంట తగ్గింది. తను కష్టపడి పైకొచ్చే మనిషినని ఇప్పటికీ కొత్తవాళ్లకు చెబుతుంటాడు. అది తగ్గలేదు.

దసరా ముందు ప్రసన్నకుమార్ బ్యాగుతో కౌంటర్ దగ్గరికి వచ్చాడు. చూసి, ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు.

“అరె, నువ్వా! బాగున్నావా? విజయవాడకు ఒకటివ్వు. మనవాడివి, ఏమన్నా తగ్గించు.”

“తగ్గియ్యరు సార్. నా పైసలెప్పుడిస్తరు?”

“జీతం పడనీ, అదే రోజు ఫోన్‌లో వేసేస్తా. కిటికీ పక్క సీటు చూడు.”

శేఖర్ కిటికీ పక్క సీటే ఇచ్చాడు. పూర్తి ధర తీసుకున్నాడు, అది యజమాని డబ్బాలోకి వెళ్లింది. బస్సు పెద్ద అంబర్‌పేట్ వైపు కదిలింది. దీపావళి కూడా వెళ్లిపోయింది. ప్రసన్నకుమార్ సార్ శేఖర్‌కు ఆరు వేలు బాకీ ఉన్నాడు.