తద్దినం భోజనానికి ఎన్ని కేలరీలు

తినడం నా వృత్తి. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు గానీ అందులో అబద్ధం లేదు. మా ఏలూరు చుట్టుపక్కల ఏ బ్రాహ్మల ఇంట్లో తద్దినం జరిగినా, పోయినవాళ్ళ స్థానంలో కొందరిని ఆకుల ముందు కూర్చోబెట్టి భోజనం పెడతారు. అలా కూర్చునేవాణ్ణి భోక్త అంటారు. మా నాన్నగారు భోక్త, నేనూ భోక్తనే. ముహూర్తాలున్న రోజుల్లో పెద్ద పురోహితుల పక్కన మంత్రం చెబుతాను. మిగతా రోజుల్లో తింటాను.

ఈ తిండికి నియమాలున్నాయి. ముందురోజు రాత్రి అన్నం ముట్టకూడదు, ఏదో ఇడ్లీతో సరిపెట్టుకోవాలి. తెల్లవారాక మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు. మంత్రమంతా అయి ఆకు ముందు కూర్చునేసరికి ఒంటిగంట దాటుతుంది. తద్దినం పెట్టే కొడుకు మధ్యమధ్య ఆఫీసు ఫోన్లు మాట్లాడే రకమైతే రెండు కూడా దాటుతుంది. అప్పుడు వస్తాయి గారెలు, పరమాన్నం, పెసరపప్పు, కంద, అరటికాయ, నువ్వుల పచ్చడి, అన్నిటి మీదా నెయ్యి. తింటున్నంతసేపూ మౌనం. వద్దని నోటితో అనడానికి లేదు, చెయ్యి అడ్డం పెడితే వినరు. "మా నాన్నగారికి గారెలంటే ప్రాణమండీ" అంటూ ఇంకో రెండు వేస్తారు. మేం వదిలేస్తే వాళ్ళ నాన్నగారు అక్కడెక్కడో ఆకలితో ఉండిపోతారని వాళ్ళ దిగులు. తిన్నది వాళ్ళ నాన్నగారు, లావెక్కింది నేను.

నా భయం ఈ మధ్య పుట్టింది కాదు. మా నాన్నగారికి షుగర్ ఉండేది. చివరి రోజుల్లో చూపు పోయింది. అయినా పిలిచినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవారు, నేను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళేవాణ్ణి. ఆకు ముందు కూర్చుని పప్పెక్కడుందో, పరమాన్నమెక్కడుందో వేళ్ళతో మెల్లగా తడుముకునేవారు. ఒకసారి ఏమీ లేనిచోట పచ్చడి ఉందనుకుని ఉత్త ఆకునే గీరుతుంటే చూడలేక తల తిప్పేసుకున్నాను. నాకూ షుగర్ వచ్చిందని తెలిసిన రోజు గుర్తొచ్చింది ఆ వేళ్ళే.

కంటి డాక్టరుగారు నా కళ్ళలోకి లైటు వేసి చూసి, వెనకాల చిన్న చిన్న రక్తపు చుక్కలు కనబడుతున్నాయన్నారు. షుగర్ డాక్టరుగారు ఇంకో మాత్ర కలిపి, రోజూ పొద్దున్న టిఫినుకు ముందు వేసుకోమన్నారు, బరువు తగ్గి తీరాలన్నారు. "ఉపవాసాలేమైనా ఉంటారా?" అని కూడా అడిగారు. "లేదండీ" అన్నాను. నా మటుకు నాకు ఉపవాసమంటే ఏకాదశి, నేను ఏకాదశులు ఉండను. తద్దినం నాడు కడుపు పగిలేలా తింటాం కదా, దాన్ని ఉపవాసమని ఎవరనుకుంటారు? ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు, నేను మందుల షాపుకి నడిచాను.

బరువు ఎలా తగ్గించాలన్న దగ్గర మా ఇంట్లో గొడవ మొదలైంది. మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. తాడేపల్లిగూడెంలో ఉండే ఆవిడ తమ్ముడు అప్పటికే డబ్బు కట్టి ఒక డైట్ ప్రోగ్రాంలో చేరాడు. వదులైన చొక్కాలు చూపించడానికే మా ఇంటికి వస్తుండేవాడు. మా ఆవిడకి అది తెగ నచ్చింది.

"డబ్బు కడితే భయముంటుందండీ. ఊరికే వచ్చినదాన్ని మీరెప్పుడైనా లెక్కచేశారా?" అంది.

నా దగ్గర భయానికి కొదవేమిటి, ఇంకా డబ్బిచ్చి కొనుక్కోవాలా అని నా మంట. అయినా ఆవిడ మాట కాదనలేక పాసింజరెక్కి గూడెం వెళ్ళాను. బావమరిది స్టేషన్‌కి వచ్చి, ఉల్లిపాయల మార్కెట్ మీదుగా ఒక మేడమీది హాలుకి తీసుకువెళ్ళాడు. గోడల నిండా మనుషుల ఫోటోలు, ఒక్కొక్కరివి రెండేసి, లావుగా ఉన్నప్పటిదీ సన్నబడ్డాక తీసిందీ. కోచ్ అని అందరూ పిలిచే అమ్మాయి చాలా మర్యాదగా కుర్చీ వేసింది.

"ఏం చేస్తుంటారండీ?" అని అడిగింది.

"భోజనం చేస్తుంటానమ్మా" అన్నాను. తర్వాత అంతా విడమర్చి చెప్పాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, వెనకనున్న డబ్బాల్లోంచి ఒకటి తీసింది.

"అయితే సార్, మధ్యాహ్నం భోజనం పూర్తిగా మానేసి ఈ పొడి ఒక గ్లాసుడు కలుపుకుని తాగాలండీ."

"నేను తాగుతానమ్మా. మరి వాళ్ళ నాన్నగారో?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. బావమరిది నా కాలు తొక్కాడు. తిరుగు బండి కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు "అక్కకి నేనేం చెప్పుకోను బావగారూ?" అని మొహం వేలాడేశాడు. ఆ గోడ మీద మొదటి ఫోటో దగ్గరే మీ బావ ఆగిపోయాడని చెప్పమన్నాను. అన్నానే గానీ, బండిలో కూర్చున్నాక భయం మళ్ళీ పట్టుకుంది. ఆ హాలు కూడా కాకపోతే నాకింకో దారేదీ కనబడలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ నాలుగు రోజులు ముభావంగా ఉండి, ఐదో రోజు తనే నా ఫోన్లో ఊరికే వచ్చే కేలరీల యాప్ ఒకటి వేసింది. తిన్నదల్లా అందులో రాయాలి. రోజుకింత అని అదొక అంకె చెబుతుంది, లోపల ఉంటే పచ్చగా, దాటితే ఎర్రగా చూపిస్తుంది. దానికి పిజ్జా తెలుసు, నువ్వుల పచ్చడి తెలియదు. గారె అని కొడితే ఎక్కడిదో వేరే వడ బొమ్మ చూపించేది. ఆకు నిండా పెట్టినదాన్ని గ్రాముల్లో చెప్పమనేది. మా ఆవిడ లెక్కల టీచరు కాబట్టి గారెకి ఎంత మినప్పప్పు, ఎంత నూనె అని భాగాలు వేసి ఓ అంకె తేల్చింది. రోజూ స్కూలు నుంచి రాగానే, చెప్పులు విప్పకుండానే "ఇవాళ ఎంతండీ?" అని అడిగేది. నేను ఫోను తిప్పి చూపించేవాణ్ణి.

తద్దినం ఉన్న రోజు అది ఎర్రగా వచ్చేది. ఆ ఎరుపు చూసినప్పుడల్లా నా కళ్ళ వెనక చుక్కలే గుర్తొచ్చేవి. ఒక్కో గారెకీ ఒక్కో చుక్క పెరుగుతోందేమో అనిపించేది. పొద్దున్న లేవగానే ఎదురుగోడ మీది కేలెండర్లో అంకెలు ఒక కన్ను మూసుకుని ఒకసారి, రెండో కన్ను మూసుకుని ఒకసారి చదువుకునేవాణ్ణి. కనబడితే ఆ పూటకి గండం గడిచినట్టు.

ఇంతలో మహాలయ పక్షాలు వచ్చాయి. పితృదేవతల రోజులు, మాకు ఊపిరి సలపదు. రోజుకో ఊరు, రోజుకో ఆకు. ఫోను పక్షం పొడుగునా ఎర్రగానే ఉంది. అవి అయిపోయాక ఆ ఎరుపంతా ఎలాగైనా తుడిచెయ్యాలని పట్టుబట్టాను. రాత్రి ఇడ్లీలు మానేశాను. మధ్యాహ్నం మజ్జిగ తాగి ఊరుకున్నాను. మాత్ర మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే పొద్దున్నే స్నానం కాగానే వేసుకునేవాణ్ణి. ఫోను పచ్చబడింది. మా ఆవిడ మొహం విప్పారింది. అప్పుడప్పుడు చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. ఒళ్ళు తగ్గుతోంది కదా, ఆ నీరసమే అనుకున్నాను. చెబితే మళ్ళీ గూడెం హాలుకి పంపిస్తుందని ఆవిడకి చెప్పలేదు.

ఆ వారంలోనే పెదపాడు దాటి కొల్లేరు వైపు ఒక ఊళ్ళో ఆబ్దికానికి పిలిచారు. స్కూలు మాస్టారుగా చేసి రిటైరైన ఒకాయన పోయి రెండేళ్ళయింది. తద్దినం పెట్టేది కొడుకు, ఏలూరులో ఆఫీసు ఉద్యోగం. ముందురోజు రాత్రి నేనేమీ తినలేదు. పొద్దున్న మాత్ర వేసుకుని స్కూటరు మీద బయలుదేరాను.

చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు మీదకి వచ్చేసరికి హ్యాండిలు మీద చేతులు నా మాట వినడం మానేశాయి. చొక్కా తడిసి ముద్దయింది. రెండు పక్కలా నీళ్ళు, ఎటు చూసినా ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి, అంచులు కనబడటం లేదు. చూపు పోతోందనుకున్నాను. ఇదిగో, మా నాన్నగారి రోజు నాకు వచ్చేసిందనుకున్నాను. బండి ఆపి గట్టు మీద కూలబడ్డాను. రోడ్డు మీద పిట్ట లేదు. చెరువులో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే దగ్గరవుతూ, దూరమవుతూ వినబడుతోంది. నీళ్ళలోకి జారిపోతానేమోనని గడ్డి పట్టుకుని కూర్చున్నాను. సంచిలో దర్భలు, పంచె తప్ప ఏమీ లేవు. ఉన్నా తినేవాణ్ణి కాదు, భోక్తగా వెళుతున్నవాణ్ణి. ఎంతసేపటికో కాస్త తెరిపినిచ్చింది. బండి ఆ ఇంటిదాకా ఎలా నడిపానో నాకే తెలియదు.

అక్కడ మంత్రం మొదలైంది. భోక్తల కాళ్ళు కడగడం ఒక వరస. కొడుకు నా కాళ్ళు కడిగి తల మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. నా మోకాళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. గుమ్మం దగ్గర కూర్చున్న ఆ మాస్టారి భార్య నన్ను ఒక్క చూపు చూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళింది. గ్లాసుతో వచ్చి నా ముందు నిలబడింది.

"పంచదార నీళ్ళండీ, తాగెయ్యండి" అంది.

మంత్రం చెప్పే పెద్దాయన చెయ్యెత్తాడు. "అమ్మా, ఆకు ముందు కూర్చునేదాకా భోక్త నోట్లో ఏమీ వేసుకోకూడదు."

"ఆయన మావారి స్థానంలో కూర్చున్నారు కదండీ?"

"అవునమ్మా."

"మావారికి ఇలా చెమటలు పడితే మంత్రం అయ్యేదాకా చూస్తూ ఊరుకుంటానా అండీ? మీ మంత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పుకోండి, మేం కూర్చుంటాం."

పెద్దాయన నావైపు చూసి, ఏం కనబడిందో, చెయ్యి దించేశాడు. నేను గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాను. కాసేపటికి వాకిట్లో మందారచెట్టు ఆకులు విడివిడిగా కనబడ్డాయి. కళ్ళు ఉన్నాయి. ఏడుపొచ్చింది గానీ ఆపుకున్నాను.

మంత్రం మొదటినుంచీ నడిచింది. భోజనాల దగ్గర కోడలు గారెలు వేస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి, రెండు పడగానే "చాలమ్మా, ఆయనకి ఇంతే పెట్టేవాళ్ళం" అని ఆపింది. ఇన్నేళ్ళలో ఒక ఆకు ముందు నన్నెవరూ అలా కాపాడలేదు.

తాంబూలాలయ్యాక అరుగు మీద కూర్చోమని, ఏం మాత్రలు వేసుకుంటున్నానో అడిగింది. చెప్పాను. డబ్బు కట్టే ప్రోగ్రాం నాకు కుదరక ఫోన్లో లెక్క రాసుకుంటున్న సంగతి కూడా కాస్త గొప్పగానే చెప్పాను.

"మావారికీ షుగరేనండీ, రెండూ చేశారు" అంది.

"తగ్గారా అండీ?" అని అడిగాను.

"ముందు డబ్బు కట్టి పొడులు తాగారు. తర్వాత మీలాగే ఫోన్లో రాసుకునేవారు. రెంటిలోనూ సన్నబడ్డారండీ, అబద్ధమెందుకు. ఆ రోజు మాత్ర వేసుకున్నారు, లెక్క దాటుతుందని టిఫిను మానేశారు. ఒంట్లో ఎలా ఉందో నాతో అనలేదు. కాసేపు పడుకుంటానన్నారు. పడుకోనిచ్చాను." ఆవిడ కొంగుతో అరుగు మీది నీటిచుక్కలు తుడిచింది. "తర్వాత అబ్బాయి ఆ ఫోను తీసి చూశాడు. ఆ రోజు కూడా అంతా పచ్చగానే ఉందండీ."

నా కాళ్ళ వంక చూసుకున్నాను. పొద్దున్న ఆయన పేరు చెప్పి కడిగిన కాళ్ళు అవి. ఆయన స్థానంలో కూర్చున్నాను, ఆయన ఆకులో తిన్నాను, ఆయన వేసుకున్నట్టే మాత్ర వేసుకుని, ఆయన మానేసినట్టే తిండి మానేసి వచ్చాను. సంచి తీసుకుని లేచాను. ఆవిడ కాగితంలో బెల్లం ముక్క చుట్టి నా సంచిలో దర్భల పక్కన పెట్టింది. వాళ్ళబ్బాయి నన్ను వెనక కూర్చోబెట్టుకుని నా స్కూటరు తనే నడిపి ఇంట్లో దింపాడు, అతని కారు ఇంకొకరు వెనకాలే తెచ్చారు.

సాయంత్రం మా ఆవిడ స్కూలు నుంచి వచ్చి "ఇవాళ ఎంతండీ?" అంది. మొత్తం చెప్పాను. చెప్పులు అలా కాళ్ళకి ఉండగానే గుమ్మంలో కూర్చుండిపోయింది. మర్నాడు సెలవు పెట్టి నాతోపాటు డాక్టరుగారి దగ్గరికి వచ్చింది. "ఇది ఉపవాసం కాకపోతే మరేమిటండీ?" అని ఆయన నా మీద కేకలేసి, మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుందని చెప్పి, తద్దినాలున్న రోజులకి మందులు వేరేగా రాసిచ్చారు. నెలకి ఇన్ని తద్దినాలకి మించి వెళ్ళొద్దన్నారు. ఫోన్లో ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. మా ఆవిడ మాత్రం ఎంత అని అడగడం మానేసింది, తిన్నారా అని అడుగుతోంది. కంటి వెనక చుక్కలు పెరగలేదట, తగ్గనూ లేదట.

మొన్న ఆ మాస్టారి కొడుకు ఫోన్ చేశాడు. తిథి దగ్గరపడుతోందన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే వాళ్ళమ్మగారు ఫోను తీసుకుంది.

"ఎవరొచ్చి తిన్నా ఆయనకి చేరుతుందండీ. అది కాదు. ఈ ఏడు కూడా మీరే రావాలి."

వస్తానండీ అన్నాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. అది భయానికి పట్టిన చెమటో, షుగర్ పడిపోతే పట్టే చెమటో తేల్చుకోలేక, వంటింట్లోకి వెళ్ళి పంచదార డబ్బా మూత తీశాను.