తలుపవతలి నుంచి గురి నేర్పిన చిన్నమామ

చిత్తూరు మండీలో బెల్లం దించి ఖాళీగా తిరిగొచ్చిన బండి మా చిన్నమామ చావు కబురు తెచ్చింది. బండివాడు ముందు దారిలో పడ్డ వాన సంగతి చెప్పాడు. తర్వాత ఎడమ ఎద్దు కుంటుతోందన్నాడు. రెండిటికీ నీళ్లు పెట్టాడు. ఆ మీదట తలగుడ్డ తీసి, "మీ చిన్నమామ నిన్న పొద్దున పోయినాడంటమ్మా" అన్నాడు. చిన్నమామ అక్కడ ఉండి ఉంటే వాడిచేత మళ్లీ మొదటి నుంచి చెప్పించేవాడు, వాన చివర్లో వచ్చేట్టు.

ఆయన మా ఆయనకు చిన్నాన్న. రిజర్వు పోలీసులో కొత్తగా చేరినవాళ్లకు గురి నేర్పి, పింఛను తీసుకుని ఇంటికొచ్చిన మనిషి. ఆయన చివరి శిష్యురాలిని నేను. నెలల తరబడి నేర్పాడు గాని, నా ముఖం ఎట్లా ఉంటుందో ఆయనకు సరిగా తెలిసి ఉండదు. మా ఇళ్లలో కోడలు మామ ఎదుట నిలబడదు.

మా ఆయన పోయింది యుద్ధం రోజుల్లో. ముప్పై ఎనిమిదేళ్లకే అమ్మమ్మనైన నన్ను, ఐరాల దగ్గర చెరుకుతోటల నడుమనున్న నా ఇంటినుంచి చిత్తూరులో మా బావగారింటికి తెచ్చి, వెనకగదిలో మూల కూర్చోబెట్టారు. ఆ గదికి ఒకటే కిటికీ. అది పశువుల కొట్టంలోకి తెరుచుకుంటుంది. మిషను బడిలో నేను చదివిన భూగోళమంతా రెండు బర్రె తోకలకు కుదించుకుపోయింది.

ఏడాది నిండి సంవత్సరీకం అయినాక నా ఇంటికి పోతానన్నాను.

"తుపాకి లేకుండా ఆ తోటల్లో ఆడమనిషి ఎట్లుంటాదమ్మా?" అన్నాడు బావగారు.

"మీ తమ్ముడి రివాల్వరు ఉండాది గదా బావా" అన్నాను తలుపు వెనక నుంచి.

"ఆడమనిషి తుపాకి పడతాదా యాడన్నా?"

ఈ రెండు మాటల నడుమ ఆయన నన్ను బతికినన్నాళ్లూ కూర్చోబెట్టగలడు. మా బావగారికి తర్కం తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నడవలో మజ్జిగ తాగుతున్న చిన్నమామ గ్లాసు కింద పెట్టాడు. "పడితే ఏమైతాది? నేను నేర్పిస్తా. కచేరీలో అధికారి చూసి సరే అంటే లైసెన్సు ఆయమ్మ పేరుకు మారుస్తాడు. కాదంటే నువ్వు చెప్పినట్టే కానీ." ఇంట్లో అందరికన్నా పెద్దవాడు. ముసలాయన ముచ్చట అనుకుని ఎవరూ అడ్డం చెప్పలేదు.

అధికారి పెట్టిన షరతు ఇది. పదిహేను అడుగుల దూరంలో పలక మీద పెనమంత నల్ల వృత్తం. ఆయన ఇరవై లెక్కపెట్టేలోగా ఆరు తూటాలూ కాల్చాలి, అందులో నాలుగైనా వృత్తంలో పడాలి. కాల్చగలిగితే నా ఇల్లు. లేకపోతే రెండు తోకలు.

మరునాటి నుంచి పాఠం మొదలైంది. చిన్నమామ రెండుసార్లు దగ్గి, నడవలో తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాడు. నేను సందు వదిలి వేసిన తలుపు వెనక. చేతికి చెయ్యి అందకూడదు కాబట్టి రివాల్వరును చేటలో పెట్టి గడప దాటించేదాన్ని. ఆయన తెరిచి, ఆరు గదులూ వేలు పెట్టి చూసి, ఖాళీ అని తేల్చుకుని, అదే చేటలో వెనక్కి తోసేవాడు. రోజూ ఇదే వరస. నిన్న ఖాళీగా ఉన్న తుపాకి ఈరోజూ ఖాళీగానే ఉంటుందనే నమ్మకం ఆయనకు లేదు. మనుషుల విషయంలోనూ లేదనుకుంటాను.

యుద్ధంలో తూటాలు దొరకవు. అందుకని గొట్టం మీద చింతగింజ నిలబెట్టి, గోడమేకు వైపు గురిపెట్టి, గింజ పడకుండా మీట నొక్కమనేవాడు. ఆయనకు నా చెయ్యి కనబడదు. మీట చప్పుడూ, గింజ నేలమీద పడ్డ చప్పుడూ వినబడతాయి. ఆ రెండిటితోనే చదువు చెప్పాడు.

"పడింది."

"పడింది మామా."

"గుంజినావు. గుంజేదానికి అదేమన్నా బావిలో చేదనా? పిండినట్టు నొక్కల్ల. మళ్లా."

వేగం ఎప్పుడని అడిగితే కసిరేవాడు. "చేతికి ముందు దారి తెలవల్ల. తెలిసిన దారిలో కాళ్లే బిరబిరా పోతాయి." ఆయన ప్రతిదీ లెక్కపెట్టే మనిషి. అన్నం కలుపుకుంటూ కూడా పెదాలు కదిలేవి. నెలకు ఆ గింజ పడటం మానేసింది. రెండో నెలకు వరసగా ఆరుసార్లు నొక్కినా కదిలేది కాదు. ఒక్కసారి మాత్రం నీవా ఏటి ఇసకలో నిజం తూటాలు కాల్పించాడు. నా వెనక నిలబడి, "కండ్లు మూసుకుంటా ఉండావు" అన్నాడు. వెనక నుంచి ఆయనకెట్లా తెలిసిందో నాకు ఈనాటికీ తెలియదు.

పరీక్షనాడు తల నిండా కొంగు కప్పుకుని పోలీసు మైదానంలో నిలబడ్డాను. మొదటి తూటా నడిమధ్య పడింది. రెండోది దాని పక్కనే. మూడోది ఆ రెండిటి నడుమ. నాలుగో దానికి గురి చూసుకుంటూ ఉండగా అధికారి ఇరవై అన్నాడు. మూడు రంధ్రాలనూ ఒక తమలపాకుతో కప్పేయవచ్చు.

"గురి మహా బాగుండాది. ఆరూ కాల్చలేదు గదమ్మా" అన్నాడాయన. మూడు నెలల తర్వాత మరొక్కసారి రమ్మన్నాడు. ఇంటికి వచ్చేసరికి నా ఇంటిని గుత్తకిచ్చే మాట నడుస్తోంది. తోటికోడలు నా గది గోడలో ఇంకో గూడు కొట్టించింది, నా చీరలు పెట్టుకోవడానికట. ఆ గూడు చూసినప్పుడు భయమేసింది. మైదానంలో వేయలేదు.

రెండు రోజులు చిన్నమామ నడవలోకి రాలేదు. మూడోనాడు దగ్గు వినబడింది.

"తప్పు నాది" అన్నాడు. "పిల్లోళ్లకు నేర్పేటప్పుడు వాళ్ల ముఖం సూసేవాణ్ణి. అనుమానపడతా ఉంటే కనపడిపోతాది. ఈడ గింజ చప్పుడొకటే విన్నా. అది పడకపోతే సంతోషపడినా. నువ్వు మీట మీద ఏలు పెట్టుకోని ఎంతసేపు కూసుంటా ఉండావో లెక్కపెట్టలేదు."

ప్రతిదీ లెక్కపెట్టే మనిషి ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. రివాల్వరును చేటలో పెట్టి గడప దాటించాను.

"ఇప్పుడు గింజను పడనీ" అన్నాడు.

"ఎన్ని మామా?"

"ఆరింట్లో ఒకటి. మూడు పడితే ఆత్రం. ఒకటీ పడకపోతే నువ్వు కాలుస్తా లేవు, దాసిపెట్టుకుంటా ఉండావు."

ఆయన పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదట ముప్పై దాకా. గింజ పడితే ఒళ్లోంచి ఇంకోటి పెట్టి నొక్కాలి. గింజ పడనినాడు మరునాటికి ఒక అంకె తగ్గించేవాడు. రెండు పడితే మళ్లీ ఒకటి పెంచేవాడు. తగ్గిస్తూ, పెంచుతూ, పద్దెనిమిదికి తెచ్చాడు. ఒకటి తప్పినా తర్వాతిది ఆగకుండా నొక్కడం గింజను నిలబెట్టడం కన్నా కష్టం. తప్పిన దానిమీదే మనసు వేలాడుతుంది. "పడిందాన్ని సూడొద్దు" అని ఆయన అవతల నుంచి అరిచేవాడు. పోలీసు గొంతు. కొట్టంలో బర్రెలు బెదిరేవి.

రెండో పరీక్షలో నాలుగు వృత్తంలో పడ్డాయి. ఒకటి అంచు మీద. ఒకటి వెనక మట్టికట్టలోకి పోయింది. అధికారి పదిహేడు దగ్గర లెక్క ఆపేశాడు. చిన్నమామ ఆ మట్టికట్ట వైపే చూస్తూ నవ్వడం కొంగు సందులోంచి చూశాను.

లైసెన్సు నా పేరుకు వచ్చింది, నేను నా ఇంటికి వచ్చాను. ఒక మెలిక మాత్రం ఉంది. ఏటేటా కొత్త చేయించుకునేటప్పుడు ఇంటి మగపెద్ద ఒకరు పూచీ సంతకం పెట్టాలి. నా గురి చూసినవాళ్లకు కూడా నా మాట చాలదు. చిన్నమామ ఆ కాగితం ఏనాడూ చదవలేదు. నిలబడే సంతకం చేసి, చేటలో పెట్టి గడప ఇవతలికి తోసేవాడు.

పదకొండోనాటి కర్మకు చిత్తూరు పోయాను. ఈ ఏటి కాగితం నా కొంగులోనే ఉంది. గడువు మరునాడే. భోజనాలయ్యాక బావగారు నడవలో కూర్చుని, తలుపు వైపు చూసి అన్నాడు. "చిన్నాయన పోయినాడు. ఇంగ ఆ తోటలో నీకు ఎవరున్నారమ్మా? నీ గది అట్లే ఉండాది. మొన్న సున్నం గూడా కొట్టించినా."

సున్నం వాసన నాకు తెలుస్తూనే ఉంది. ఆ గదిలోంచే వింటున్నాను మరి.

తలుపు తెరుచుకుని నడవలోకి వచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంటి కోడలిని. బావగారి ఎదుట నిలబడటం అదే మొదలు. కాగితం ఆయన ముందు పెట్టాను.

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "రేపు సూస్తాంలేమ్మా."

"రేపటికి కచేరీలో ఉండల్ల బావా. ఇప్పుడు పెట్టండి."

తోటికోడలు సిరాబుడ్డి తెచ్చి పెట్టింది. ఆమెను నేను అడగలేదు. ఆయన కలం ముంచి, కాగితం మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదిపి, ఒక్కో మాటా. పాళీ కొసన సిరాచుక్క లావెక్కుతూ ఉంది. వాకిట్లో మా బండివాడు ఎద్దులను బండికి కడుతున్నాడు. నేను ఆయన ఎదుట నిలబడే ఉన్నాను.