ఎడమ కన్ను మూసే మేస్త్రీ

పనిలో ఉన్నంతకాలం ఆయన్ని అందరూ గురి మేస్త్రీ అనే పిలిచారు. తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి ఆయన. చిత్రిక పట్టిన చెక్కను తుపాకీలా భుజానికి ఆనించి, ఎడమ కన్ను గట్టిగా మూసి, కుడి కంటితో అంచు వెంట ఒక్క చూపు చూసేవాడు. "ఇదిగో, ఇక్కడ వెంట్రుకవాసి లేచింది," అని వేలు పెట్టేవాడు. మూలమట్టం తెచ్చి పెడితే సరిగ్గా అక్కడే లేచి ఉండేది. మూలమట్టం దండగ, ఈయన్నే గోడకు తగిలించుకుంటే సరిపోతుందని దుకాణంలో వాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆయన పైకి కసురుకున్నా లోలోపల మురిసిపోయేవాడు.

షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలు వేసుకునేవాడు, గుర్తొచ్చినప్పుడు. ఆస్పత్రికి వెళ్లేవాడు, భార్య పోరు పడలేనప్పుడు. వెళ్లిన ప్రతిసారీ పక్కగదిలో కళ్లకు ఫొటో తీయించుకోమని చెప్పేవాళ్లు. ఆ గదిలో ముందు కంట్లో చుక్కలు వేస్తారు. కనుపాప విచ్చుకుని సాయంత్రం దాకా అంతా మసకమసకగా ఉంటుంది. అదీ ఆయన బాధ.

"చుక్కలు వేయించుకుంటే ఇవాళ్టికి ఉలి పట్టలేను. అయినా నా కంటికేం రోగం? ఊళ్లో సగం తలుపులు నా కంటి మీదే నిలబడ్డాయి," అనేవాడు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు, అదే మన ఖర్మ. కుడి కన్ను అప్పటికి బాగానే ఉంది. పనంతా దాంతోనే. ఎడమ కంటిని ఎవరు పట్టించుకున్నారు? చెక్క భుజానికెత్తినప్పుడల్లా అది మూతపడేది. మిగతా వేళ రెండూ తెరిచే ఉన్నా, కుడిది చూస్తుంటే రెండూ చూస్తున్నట్టే ఉండేది. ఒక కన్ను పాడవుతుంటే రెండోది కనీసం చాడీ కూడా చెప్పదు. ఆ జబ్బుకు నొప్పి కూడా ఉండదు.

ఒక పొద్దున తలుపు చెక్క ఎత్తి గురి చూస్తే అంచు మీద నల్లటి దారాలు కదిలాయి. బూజు అనుకుని చేత్తో దులిపాడు. దారాలు పోలేదు. కన్ను తిప్పితే అవీ తిరిగాయి. రంపపు పొట్టు పడిందేమోనని నీళ్లతో కడుక్కున్నాడు. అయినా తేలుతూనే ఉన్నాయి, నీళ్లలో పోసిన మసిలా. అప్పుడు, జీవితంలో మొదటిసారి, కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు.

చెక్క లేదు. చేతుల్లో బరువు ఉంది, మేకు తగిలి వేలు మండుతోంది కూడా, కానీ చెక్క లేదు. చుట్టూ బూడిదరంగు, ఒక పక్క కిటికీ ఉండాల్సినచోట కాస్త వెలుతురు.

ఆ రోజే భార్యకు చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆమె తమ్ముడు అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉలి నూరుకుంటున్నాడు. వాడికైనా చెప్పొచ్చు. చెప్పలేదు మహానుభావుడు. గురి మేస్త్రీకి కన్ను పోయిందంటే పని ఎవరిస్తారు? నోరు కుట్టేసుకున్నాడు. కొన్నాళ్లకు దారాలు కిందికి దిగిపోయి కుడి కంటికి మళ్లీ తేటగా కనిపించింది. తగ్గిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. లోపల కారిన రక్తం అడుక్కి చేరిందని ఆయనకేం తెలుసు!

దారాలు మళ్లీ తేలుతున్న రోజుల్లో ఆయన బిగించిన తలుపొకటి మూయబోతే పట్టలేదు. అడుగున వంకర, ఎవరి కంటికైనా కనబడేంత వంకర. బావమరిది దాన్ని ఊడదీస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"బావా, నీకు సరిగ్గా కనబడుతోందా?"

"చెక్క పచ్చిది. ఎండితే వంగింది."

"చెక్క నేనే కొన్నా బావా. పచ్చిది కాదు."

ఆ సాయంత్రం తమ్ముడు అక్కకు చెప్పాడు, మర్నాడు అక్క మొగుణ్ణి ఆస్పత్రికి లాక్కెళ్లింది.

ఫొటోలు తీసే అమ్మాయి గడ్డం ఇక్కడ ఆనించండి, పచ్చ దీపం వైపు చూడండి అని చెబుతూ కుడిది తీసింది. ఎడమదానికి వచ్చేసరికి, "దీపం కనబడుతోందా?" అని అడిగింది. "ఏ దీపం?" అన్నాడాయన. ఆ అమ్మాయి వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఎడమ కంట్లో లోపలి పొర ఎప్పుడో ఊడిపోయింది, ఇక చేయగలిగిందేమీ లేదు. కుడి కంట్లో పిచ్చి రక్తనాళాలు పుట్టి చిట్లుతున్నాయి. వెంటనే లేజర్ మొదలుపెట్టాలి, అదీ ఒక్కసారితో అయ్యేది కాదు, పిలిచినప్పుడల్లా రావాలి.

"చేయించుకుంటే చూపు పెరుగుతుందా అమ్మా?"

"పెరగదు మేస్త్రీగారూ. ఉన్నది నిలబడుతుంది. మానేస్తే అదీ పోతుంది."

ఆ మాట ఆయన తలకెక్కలేదు. పాడైన వస్తువును బాగుచేయడమంటే మునుపటికన్నా మెరుగవ్వాలి, ఆయన ఎరిగిన పనిలో అంతే. మొదటిసారి లేజర్ పెట్టినప్పుడు కంట్లో సూదులు దిగినట్టయింది. పళ్లబిగువున భరించాడు. తీరా చూస్తే సందెవేళ నడక మునుపటికంటే కష్టమైంది. "ఉన్నదాన్ని కాల్చి పంపించారు," అని ఇంటికొచ్చి మంచం ఎక్కాడు. రెండోసారి పిలిచిన రోజున ఎవరిదో ఇంటి గుమ్మం అర్జెంటని వంక పెట్టాడు. భార్య చిలక్కి చెప్పినట్టు చెప్పింది, ఏడ్చింది, తిట్టింది. వినలేదు. నాకైతే ఇప్పటికీ ఆ మనిషి మీద కోపం చల్లారదు.

గుమ్మం పని సగంలో ఉండగా కుడి కంట్లో రక్తం తెరలా దిగింది. ఈసారి కిందికి దిగిపోలేదు. ఆపరేషన్ చేశారు, ఆలస్యమైందన్నారు. మిగిలింది వెలుతురు, దానికి అడ్డంగా ఎవరైనా కదిలితే ఓ నీడ.

ఆ తర్వాత ఆయన బతుకంతా భార్య భుజం మీద చెయ్యి వేసి నడవడమే అయింది. ఆమె లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చి ఆయనకు అన్నం కలిపి పెట్టేది, కంటి మందు వేసేది, ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేది. కళ్లు పోయాక ఆయనకు చెవులు పాముచెవులయ్యాయి. ఆమె గ్లాసులో నీళ్లు పోస్తుంటే నేల మీద పడుతున్న చప్పుడు వినబడేది. గడప దగ్గర ఆమె కాలు తడబడేది. రెండుసార్లు బట్ట మాడిన వాసన వేసుకుని ఇంటికొచ్చింది. అడిగితే పని ఒత్తిడి అనేది.

ఒకరోజు ఆస్పత్రిలో ఆయన కన్ను చూపించాక ఫొటోల అమ్మాయి ఆమెను అడిగింది.

"అమ్మా, మీకు షుగర్ ఏమైనా ఉందా?"

"ఉందిలే. ఈయనకొచ్చిన రెండేళ్లకు నాకూ వచ్చింది."

"కళ్లు ఎప్పుడైనా చూపించుకున్నారా?"

ఆమె చీటీలు సంచిలో సర్దుకోసాగింది. మేస్త్రీ ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఎప్పుడూ చూపించుకోలేదా నువ్వు? రోజూ ఇక్కడికే కదే వస్తున్నాం!"

"ఎలా చూపించుకోను?" ఆమె గొంతు పెరిగింది. "చుక్కలు వేస్తే నాకూ కనబడదు. మిమ్మల్ని ఇంటికి ఎవరు చేరుస్తారు? రోడ్డు ఎవరు దాటిస్తారు? ఇద్దరం కలిసి ఏ లారీ కింద పడదామంటారు?"

ఆమె కళ్లకు అడ్డం పడింది తనే. చేజేతులా తన చూపు పోగొట్టుకుని, ఇప్పుడు ఆమెది కూడా తన చేతి కిందే నలిపేస్తున్నాడు.

"వెయ్యండమ్మా చుక్కలు," అన్నాడు, ఆ అమ్మాయి ఎటువైపుందో తెలియక గాల్లోకి చూస్తూ. "సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాం. ఈమెకు కనబడేదాకా కదలం."

"ఇవాళ పనికి వెళ్లాలి," అని భార్య లేవబోయింది. ఆయన ఆమె భుజం వదల్లేదు.

ఫొటోలు తీశారు. డాక్టరమ్మ రెండు కళ్లలోనూ జబ్బు మొదలైందని చెప్పింది. కుడి కంటికి లేజర్ వెంటనే కావాలి. ఎడమది ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేను, వైద్యం మాత్రం చేద్దాం అంది. మేస్త్రీ ఎప్పుడు రావాలో అడిగి, మళ్లీ అడిగి, మూడోసారి భార్య చేత కూడా పైకి చెప్పించాడు.

తర్వాత ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా జనం వస్తూ పోతూ ఉన్నారు. ఆయనకు నీడలు, ఆమెకు మసక. ఆమె ముక్కు ఎగబీలుస్తోంది. చుక్కల మందు కళ్లలోంచి కారుతోందో, మరేదైనా ఉందో ఆయనకు తెలియలేదు.

"ఏడుస్తున్నావా?" అని అడిగాడు.

"ఏడుస్తున్నాను," అంది ఆమె.