చిన్న గాయానికి పెద్ద పట్టీ

2009 చలికాలం. నారాయణఖేడ్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కంది కోతలు మొదలయ్యాయంటే మా గదిలో కూర్చునే చోటుండదు. బల్ల మీద ఒక నడుము, బయట బెంచీ మీద ఇంకో పది నడుములు. కాపడాలు పెట్టీ పెట్టీ సాయంత్రానికి నా నడుమే పట్టేసేది. దాన్ని పట్టించుకునే తీరిక ఉండేది కాదు.

సువార్తమ్మది మనూర్ వైపు ఒక పల్లె. నలభై దాటిన కూలిమనిషి. ఎడమ పిరుదు నుంచి మడమ దాకా కరెంటు షాక్ కొట్టినట్టు గుంజుతోందని వచ్చింది. దాన్నే సయాటికా అంటాం. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ పక్కకు జారి, కాలికి పోయే నరాన్ని నొక్కితే వచ్చే బాధ అది. చాలామందికి మందులతో, వ్యాయామాలతోనే తగ్గుతుంది. ఈమెకు నెలలు గడిచినా తగ్గలేదు సరికదా, కాలి బొటనవేలు పైకెత్తలేని స్థితికి వచ్చింది. ఇంకా ఆలస్యమైతే పాదమే వేలాడిపోతుంది. దానికి ఫుట్ డ్రాప్ అని పేరు. భయపడి హైదరాబాద్ పంపించాం.

అక్కడ ఎండోస్కోపిక్ డిస్కెక్టమీ చేశారు. నడుము దగ్గర చిన్న రంధ్రం పెట్టి, సన్నటి గొట్టంలోంచి కెమెరా పంపి, నరం మీద పడ్డ ముక్కను మాత్రం లాగేస్తారు. సాయంత్రానికి లేచి నడిచింది. మర్నాడు ఖేడ్ బస్సెక్కింది. ఆరు వారాలు వంగొద్దని, బరువులెత్తొద్దని, నడుము తిప్పొద్దని చెప్పి పంపారు. మిగిలిన డిస్క్ మళ్లీ జారితే ఈసారి కాలు దక్కుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

వారం తిరక్కుండానే కుంటుకుంటూ వచ్చింది, వెంట అత్త. ఏం చేశావని అడిగితే మెల్లగా చెప్పుకొచ్చింది. సువార్తమ్మ ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్లతో తన్నించుకుంటే పట్టిన నడుము వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. తెల్లారకముందే జనం వచ్చి ఆమె వాకిట్లో బోర్లా పడుకుంటారు. నాగల్‌గిద్ద అవతల నుంచి కన్నడం వాళ్లు కూడా వస్తారు. వచ్చినవాళ్లను కాదనకూడదట. ఆమె తన్నేది ఎడమ కాలితోనే.

"ఆపరేషన్ అయిందని చెప్పలేదా?" అన్నాను.

"చెప్పిన మేడం. ఏడ అయింది, చూపియ్ అన్నరు. చూపిస్తే నవ్విన్రు. ముల్లు దిగినంత లేదు, గిది ఆపరేషనా అన్నరు."

అత్త చెడ్డ మనిషేం కాదు. కోడలు పడుకుంటే నీళ్లూ వంటా గొడ్లూ ఆ ముసలి ప్రాణం మీదే పడతాయి. తనకు గర్భసంచి తీసినప్పుడు పొట్ట నిలువునా కోశారని, అప్పుడు తనను ఎవరూ మంచం దిగనివ్వలేదని చేత్తో కొలిచి మరీ చూపించింది. "కోస్తె పండుకోవాలె. దీనికి కొయ్యనే కొయ్యలే. ఎందుకు పండుకోవాలె బిడ్డా?" అంది.

నాకు కోపం రావలసింది, రాలేదు. అలసటే వచ్చింది. బొమ్మ గీసి నరం ఎక్కడుందో అత్తకు చెప్పవచ్చు. రేపు వాకిట్లో పడుకునేవాళ్లకు ఎవరు చెబుతారు? సువార్తమ్మను కర్టెన్ వెనక్కి తీసుకెళ్లాను. దూది దండిగా పరిచి, పైన గాజుగుడ్డ వేసి, ఆ పక్క నుంచి ఈ పక్క దాకా నడుమంతా తెల్ల ప్లాస్టర్ అంటించాను. చీర కట్టినా కొట్టొచ్చినట్టు కనబడాలి. బయటికి తీసుకొచ్చి, లోపల పెద్ద పుండుందని, నేను విప్పేదాకా ఈమె కాలు కూడా విదిలించకూడదని అత్తకు చెప్పాను. పచ్చి అబద్ధం. చెప్పినందుకు ఈ రోజుకీ నాకు చింత లేదు.

అత్త ఆ పట్టీని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలి చేతిలో సంచి తానే అందుకుంది.

ఆ తర్వాత సువార్తమ్మ వారం వారం వచ్చి పట్టీ మార్పించుకునేది. తన్నించుకోవడానికి వచ్చినవాళ్లను అత్తే గడప దగ్గర్నుంచి తిప్పి పంపుతోందని చెప్పింది. బొటనవేలు కొద్దికొద్దిగా లేవసాగింది.

గడువు దాటాక పట్టీ విప్పేశాను. గాయం చుక్కంత మచ్చగా మిగిలింది. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూశాను, నొప్పి లేదంది. ఇక అన్ని పనులూ మెల్లగా మొదలుపెట్టొచ్చని సంతోషంగా చెప్పాను. ఆమె బల్ల దిగలేదు.

"ఇంకొక నెల కట్టరాదా మేడం," అంది.

ఇంకెక్కడైనా నొప్పి ఉందేమో అనుకుని అడిగాను.

"నొప్పి లేదు. పెండ్లయినకాడికెల్లి పొద్దెక్కేదాంక పండుకున్నది ఇప్పుడే. మా అత్త చాయ్ తెచ్చి చేతికిస్తున్నది."

కోత ఎంత చిన్నదైతే రోగికి అంత మేలని మేము చదువుకున్నాం. అది నిజమే. కానీ ఆడమనిషికి ఇంట్లో దొరికే విశ్రాంతిని కోత పొడవుతో కొలుస్తారని ఏ పుస్తకంలోనూ లేదు. అది నాకు సువార్తమ్మ నేర్పింది. బయట బెంచీ నిండా జనం ఎదురుచూస్తున్నారు. దూది చుట్ట అందుకుని, "అటు తిరుగు" అన్నాను.