ఊయల నుంచి మణికట్టుకు

మా చెల్లికి పుట్టుకతోనే చెవులు వినపడవు. కాన్పుకు కొంటా ఊళ్లో ఉన్న అమ్మ దగ్గరికొచ్చింది. బాబు ఏడ్చినప్పుడల్లా అమ్మ ఇంటి ముందున్న తన దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చి చెల్లి భుజం తట్టేది. త్వరలో చెల్లి సుక్మాలోని తన ఇంటికి వెళ్లాలి. అక్కడ వాళ్లాయన ఆఫీసుకు పోతే పగలంతా తనొక్కతే.

"నేను వంటింట్లో అటు తిరిగి ఉన్నప్పుడు వాడు ఏడిస్తే?" అని వీడియో కాల్‌లో చేతి సైగలతో అడిగింది.

నేను యంత్రాలకు డ్రైవర్లు రాస్తాను. బయట ఏదైనా జరిగితే ఆ కబురు ప్రోగ్రాముకు వెంటనే అందించే కోడు అది. సెలవు పెట్టి ఇంటికొచ్చి, ఊయలకు శబ్దాన్ని పసిగట్టే సెన్సరు కట్టి, చిన్న బోర్డుకు కలిపాను. వాడు ఏడిస్తే చెల్లి మణికట్టు మీది పట్టీ అదరాలి.

మొదట నా ప్రోగ్రామే ఆగి ఆగి, ఏడుపు వినిపించిందా అని సెన్సరును అడిగేది. ఆ మధ్యలో వాడు ఒక్కసారి కేర్‌మని ఊరుకుంటే తెలిసేది కాదు. అందుకని శబ్దం రాగానే సెన్సరే ఇంటరప్టుతో, అంటే నడుస్తున్న పనిని ఆపించే పిలుపుతో, డ్రైవరును లేపేలా మార్చాను. ఈసారి బోర్డే బిగుసుకుపోయింది.

"ఏందే, మళ్లీ ఆగిందా?" అంది అమ్మ, బాబును ఎత్తుకుంటూ.

తప్పు నాదే. ఇంటరప్టు వచ్చిన క్షణంలో మిగతా పనులు ఆగి ఎదురుచూస్తుంటాయి. నేను పట్టీని అదిరించే పని కూడా అందులోనే ఇరికించాను. దాన్ని తీసేశాను. డ్రైవరు ఇక ప్రోగ్రాముకు సిగ్నల్ ఇచ్చి తప్పుకుంటుంది, పట్టీ సంగతి ప్రోగ్రాము చూసుకుంటుంది.

మర్నాడు పొద్దున చెల్లి పెరట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. లోపల బాబు ఏడ్చాడు. అలవాటుకొద్దీ అమ్మ లేవబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. చెల్లి ఉలిక్కిపడి మణికట్టు చూసుకుంది. కాయలన్నీ ఒళ్లోంచి జారిపోతుండగా లోపలికి పరుగెత్తింది. వాడికి పాలు పడుతూ మమ్మల్ని చూసి ఏడ్చింది, నవ్వింది. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

సుక్మా వెళ్లిన కొన్నాళ్లకు చెల్లి వీడియో కాల్ చేసి చేతులతో చెప్పింది.

"వీడు ఊఁ కొడుతున్నాడట, వాళ్ల నాన్న చెప్పాడు. పట్టీ మాత్రం ఏడిస్తేనే అదురుతోంది."

"చిన్న శబ్దాలకు కూడా పెడితే రోజంతా అదురుతూనే ఉంటుందే!"

"అదరనీ అక్కా. వాడి ఊసులు నాకూ కావాలి."

ఆ సాయంత్రమే ఫోనులో నెట్ ద్వారా బోర్డుకు కనెక్టయి, చిన్న శబ్దానికీ పట్టీ అదిరేలా సెన్సరు హద్దు తగ్గించాను. మళ్లీ కాల్ చేస్తే తెర మీద చెల్లి, వాడి పెదాలకేసి చూస్తూ, పట్టీ ఉన్న చేతిని చెంపకు ఆనించుకుని కూర్చుంది.