తూలని మనిషి

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది. రాజమండ్రిలో తాగుడు మాన్పించే ఒక ఆసుపత్రిలో నేను వార్డు నర్సుని. మా పేషెంట్లలో సగంమంది వరద గోదావరిని ఈది అవతలి గట్టున పెళ్లిభోజనం చేసొచ్చామని చెప్పేవాళ్లే. ఆ పంక్తిలో పులిహోర వడ్డించింది నేనేనని చెబితే తప్ప వాళ్లు మాట కలపరు. అలా నా కోతలకీ అక్కడ కాస్త గిరాకీ ఉంది.

ఒక ఉదయం భీమవరం వైపు నుంచి ముగ్గురు కారు దిగారు. చేపల చెరువుల ఆసామి భాస్కరరావు గారు, ముప్పైకి అటూ ఇటూగా ఉన్న ఆయన కొడుకులు శ్రీను, బుజ్జి. చిన్నవాడు బుజ్జి కారు ప్రయాణం పడక, మొహం వేలాడేసుకుని గోడకి ఆనుకున్నాడు. శ్రీను బ్యాగు మోసుకుంటూ నిటారుగా నడిచొచ్చి, "టిఫినయిందా సిస్టర్ గారూ?" అన్నాడు. నేను బుజ్జి చెయ్యి పట్టుకుని మంచం వైపు లాగాను.

"ఆడు కాదండి, నేను," అని నవ్వాడు శ్రీను. "ఆడు బీరు వాసనకే పడిపోతాడు."

శ్రీను చేత బ్రెత్ ఎనలైజర్‌లో ఊదించాం. ఊపిరిలో మద్యం ఎంతుందో చెప్పే మిషను అది. అంకె చూసిన డాక్టరు గారు ముందు మిషనుకి బెడ్డు ఇమ్మన్నారు. మరొకడైతే ఆ అంకెకి ఒళ్లు తెలియకుండా పడుండేవాడు. ఇతను నా టిఫిను సంగతి కనుక్కుంటున్నాడు.

దీన్ని టాలరెన్స్ అంటాం. తాగగా తాగగా ఎవరికైనా కొంత వస్తుంది. కొందరికి మాత్రం మొదటి గ్లాసు నాటికే ఉంటుంది, వంశంలోనే వస్తుంది. తల తిరగడం, వాంతి, తూలడం, ఇవన్నీ 'ఇక చాలు' అని ఒళ్లు చెప్పే మాటలు. అలాంటివాళ్ల ఒళ్లు ఆ మాట చెప్పదు. అందుకే వాళ్లకి ప్రమాదం ఎక్కువ.

ఫ్యామిలీ హిస్టరీ, అంటే ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బులున్నాయో అడిగి రాసుకోవడం నా పని.

"మా ఇంట్లో తూలినోడు లేడమ్మా," అన్నారు భాస్కరరావు గారు మీసం సవరించుకుంటూ. "మా నాన్నగారు సీసా ఖాళీచేసి చెరువుగట్టు మీద సైకిలు తొక్కేవారు."

"ఎన్నేళ్లు బతికారండి?"

"నలభై దాటలేదు. కామెర్లు."

"మరి మీ అన్నదమ్ములు?"

"మా అన్నయ్య ఇంకా గట్టోడు. ఆయనకీ కామెర్లే. తాగుడికీ దానికీ సంబంధం లేదులే అమ్మా."

"మరి మీరండీ?"

ఆయన గొంతు తగ్గించారు. "నాకు పడదమ్మా. గ్లాసుకే కక్కేస్తాను. అందుకే పట్టుబడికి పెద్దోణ్ని కూర్చోబెడతాను."

పట్టుబడి అంటే చెరువులో చేపలు పట్టి అమ్మే రోజు. కొనేవాళ్లకి మందు పోసి, వాళ్లతో సమానంగా తాగి, బేరం తేలేదాకా నిలకడగా కూర్చునేవాడు ఒకడు ఉండాలన్నది ఆ ఇంటి పద్ధతి. పద్దెనిమిదో ఏట నుంచీ ఆ కొలువు శ్రీనుదే.

మందు ఆపగానే వచ్చే వణుకునీ చెమటల్నీ విత్‌డ్రాయల్ అంటాం. అవి కాస్త తగ్గాక శ్రీను మాట్లాడాడు.

"అమ్మ పోయినప్పుడు పదో తరగతండి. మగపిల్లాడివి, ఏంటా ఏడుపు అన్నారు. అప్పట్నుంచీ గుండెల మీద రాయి పెట్టినట్టుండేది. మొదటి పట్టుబడినాడు అది దిగిందండి. అందరికీ మందు ఎక్కుద్ది. నాకు బరువు దిగుద్ది."

ఆ పూట కోతలు కట్టిపెట్టి అతని మంచం పక్కనే కూర్చున్నాను.

ఇంకొన్ని వారాలు ఉండి తీరాలన్నారు డాక్టరు గారు. ఈలోగానే భాస్కరరావు గారు కారేసుకుని వచ్చేశారు.

"రేపు పట్టుబడమ్మా. ఒక్కపూట పంపండి, మళ్లీ తెచ్చి అప్పజెప్తాను."

"లివరు ఇప్పటికే పాడైందండి. మళ్లీ తాగితే మనిషి దక్కడు."

"అవేం మాటలమ్మా! ఎలా నడుస్తున్నాడో చూడండి."

శ్రీను అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "వెళ్లకు బాబూ," అన్నాను.

"నాన్నగారికి ఇంకెవరున్నారు సిస్టర్ గారూ?"

వరండా పొడవునా ఒక్క అడుగు తడబడలేదు. మళ్లీ రానూ లేదు. కొన్ని నెలలకి రక్తం కక్కుకుని పోయాడని బుజ్జి ఫోన్ చేశాడు.

పెద్దకర్మకి వెళ్లాను. భాస్కరరావు గారు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. "చివరిదాకా తూలలేదమ్మా," అన్నారు.

బుజ్జి బస్సు దాకా తోడొచ్చాడు. "అన్నయ్య చోట ఇక నేనే కూర్చోవాలండి."

"నీకు పడదుగా?"

"రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసుకుంటున్నానండి. ఈమధ్య వాంతి కూడా రావట్లేదు." మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూశాడు.

"నీ ఒళ్లు నిన్ను కాపాడుతోందయ్యా. దాని నోరు నొక్కకు," అన్నాను.

"భలే చెప్తారండీ మీరు!" అని నవ్వి, బస్సు ఆపాడు.

అప్పట్నుంచీ కొత్త పేషెంటు వస్తే ఎంత తాగుతారని నేను ముందు అడగను. ఎంత తాగినా తూలనివాళ్లు మీ ఇంట్లో ఎవరున్నారని ఇంటివాళ్లని అడుగుతాను. ఆ ప్రశ్నకి ఎవరూ నొచ్చుకోరు. సంతోషంగా పేర్లు చెబుతారు.