కనకలక్ష్మి పొడుగు ఫోర్కు

మా ఆవిడ కనకలక్ష్మి చేయి పడ్డ లారీ కుంగదు. ఆటోనగర్‌లో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు, అడక్కపోయినా ఆవిడే చెబుతుంది. లారీ చక్రాల మీద ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండే ఇనప పట్టీలను కమాను కట్టలంటారు. వాటిని బాగుచేసే షాపు మా మామగారిది. ఆయనకి కొడుకులు లేక కాదు, ఇద్దరున్నారు. గ్రీజు మరకలు గిట్టక ఒకడు చీరల వ్యాపారంలోకి, ఒకడు స్థలాల వ్యాపారంలోకి జారుకున్నారు. షాపు ఈవిడకి దక్కింది. నేను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో స్టోర్సు గుమస్తాని. ఇంట్లో బరువైనదేదన్నా ఎత్తాలంటే ఆవిడే ఎత్తుతుంది, నేను పక్కన నిలబడి జాగ్రత్తలు చెబుతాను.

ఆవిడ పద్ధతి ఒక్కటే. ఏ బండి వచ్చినా లోడు ఎంత వేస్తారని అడగదు. అడిగితే అబద్ధం చెబుతారని ఆవిడ నమ్మకం. పద్దెనిమిది టన్నులు వేసేవాడు కూడా పదే అంటాడు మరి. అందుకని అందరికీ ఒక పట్టీ ఎక్కువ వేసి పంపుతుంది. లోడెత్తాక బండి వెనకభాగం కాస్త కిందికి దిగినా ఆవిడకి తల కొట్టేసినట్టుంటుంది. ఊళ్ళో ఎవరి బండి కుంగినా, "అది మన దగ్గర చేయించింది కాదు" అని ముందే అనేస్తుంది.

ఇలాంటి మనిషికి యాభయ్యో పడిలో సైకిల్ పిచ్చి పట్టింది. కారణం డాక్టర్ జయంత్. ఆయన పళ్ళ డాక్టరు. తన కొండ సైకిల్‌కి ఏదో బోల్టు లేతు పట్టించుకోవడానికి ఆటోనగర్ వచ్చాడు. ముందూ వెనకా రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిల్‌ని మా ఆవిడ అంతవరకూ చూడలేదు. డాక్టరుగారిని పక్కకి జరగమని, సైకిల్ మీద కూర్చుని పది నిమిషాలు పైకీ కిందికీ ఊగింది. నెల తిరక్కుండా హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన సైకిల్ ఒకటి కొనుక్కుంది. చుడీదార్, పైన నా పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నెత్తిన హెల్మెట్. ఆదివారం పొద్దున్నే డాక్టరు బ్యాచ్‌తో ఇబ్రహీంపట్నం అవతల కొండలెక్కడం మొదలైంది. అందరూ అరటిపండ్లు తెచ్చుకుంటే ఈవిడ పులిహోర తీసుకెళ్ళేది.

కొండ దిగే దారి మధ్యలో మెట్లలా పొడుచుకొచ్చిన రాళ్ళ వరస ఒకటుంది. దానికి పళ్ళవరస అని పేరు పెట్టింది డాక్టరే. కిందటేడు మా ఆవిడ అక్కడ పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. కింద నిలబడ్డ నాకు ఆ చప్పుడు వినపడింది. ఆటోలో ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ ఆవిడ నన్నే ఓదార్చింది. అప్పట్నుంచీ ఆదివారం వస్తోందంటే నాకు మళ్ళీ ఆ చప్పుడే వినపడేది.

కట్టు విప్పాక సైకిల్ అమ్మేయమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. డాక్టరుగారికి ఆ సైకిల్ మీద మొదట్నుంచీ కన్నుంది, వాళ్ళ మరదలికి కావాలట. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆవిడ పళ్ళవరస ఒక్కసారి దిగాలి. పడ్డా, కాలు కింద పెట్టినా సైకిల్ డాక్టరుగారింటికి వెళ్ళిపోతుంది. ముందు చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే ఫోర్కు పొట్టిది కాబట్టే పడ్డానని, పొడుగుది వేసుకున్నాకే దిగుతానని ఆవిడ షరతు పెట్టింది.

పాత ఫోర్కు నూట ముప్పై మిల్లీమీటర్లు కదిలేది. నూట డెబ్బైది వేస్తానంది. ఆ సైకిల్‌కి కంపెనీ నూట యాభై దాకానే ఒప్పుకుంటుందని డాక్టరు చెప్పాడు. ఫ్రేము మెడ విరగడం ఎలా ఉంటుందో పన్ను వేరుతో సహా విరగడంతో పోల్చి వివరించాడు. చివరికి నూట యాభైదే తెప్పించింది. నలభయ్యేళ్ళ ఆటోనగర్ జీవితంలో ఆవిడ కంపెనీ మాట విన్నది అదే మొదటిసారి.

షాపులోనే బిగించింది. పాత ఫోర్కు ఊడదీసి, దాని అడుగున బిగుసుకున్న ఉక్కు రింగుని తప్పించి, కొత్తదాని మీద పెట్టి, పైపు ముక్క తొడిగి చుట్టూ సమానంగా తట్టి దింపింది. అక్కడిదాకా ముచ్చటగానే ఉంది. గాలి దగ్గర వచ్చింది తంటా. ఈ ఫోర్కులో గాలే స్ప్రింగు. మనిషి ఎక్కి కూర్చోగానే నాలుగో వంతు కిందికి దిగేంత గాలే పెట్టాలని డాక్టరు చెప్పాడు. ఎక్కగానే దిగిపోయేదానికి అంత పొడుగెందుకని ఆవిడ నవ్వింది. పంపు పెట్టి, ఇక పట్టనంతవరకూ గాలి కొట్టింది. ఎక్కి ఊగింది. ఫోర్కు వెంట్రుకవాసి కదల్లేదు. పెళ్ళినాడు కూడా ఆవిడ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆ ఆదివారం కొండ ఎక్కనే లేదు. ముందు భాగం అంతెత్తున నిక్కి ఉండటంతో, ఎత్తుకి ఎక్కే దారి రాగానే చక్రం నేలని వదిలేసి పగ్గం తెంచుకున్న దూడలా పక్కలకి పోవడం మొదలెట్టింది. రాయి తగిలిన ప్రతిసారీ దెబ్బ తిన్నగా మణికట్లకే వచ్చింది. సగం దారిలో తుమ్మపొదలోకి వెళ్ళి ఆగింది. వచ్చే ఆదివారం సైకిల్ పట్టుకెళ్ళడానికి కారుకి స్టాండు తగిలించుకుని వస్తానని డాక్టరు మర్యాదగానే చెప్పాడు. నాకు సంతోషం వేసింది. ఆవిడ చొక్కాలో ముళ్ళు తీస్తూ మొహం మాత్రం విచారంగా పెట్టాను.

బుధవారం నేను సెలవులో ఉండి షాపులో కూర్చున్నాను. నూజివీడు వైపు నుంచి కోడిగుడ్లు తెచ్చే బసవయ్య వ్యాను వేసుకుని గొడవకి వచ్చాడు. పాతవాడు కదా అని మా ఆవిడ కిందటివారం అతని బండికి రెండు పట్టీలు ఎక్కువ వేసి పంపిందట. అప్పట్నుంచీ ట్రేలకి ట్రేలు పగులుతున్నాయట. ఆవిడ ఊరుకుంటుందా? బండి చుట్టూ తిరిగి, లోడు మీద కూడా ఎంత నిటారుగా నిలబడిందో చూడమంది. ఏం తప్పు పట్టగలవో పట్టమంది.

బసవయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బండి బాగానే ఉందమ్మా. గుడ్లే బాగుండట్లేదు."

ఆవిడ వ్యాను తలుపు దగ్గరికి వెళ్ళింది. వ్యానులో కారుతున్న సొన చూసింది. తన మణికట్లు చూసుకుంది. తర్వాత మూలనున్న సైకిల్ వైపు చాలాసేపు చూసింది. చివరికి, "ఎన్ని ట్రేలు వేస్తావు బసవయ్యా?" అని అడిగింది. లోడెంతని ఆవిడ నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదలు. పట్టీలు రెండూ తీయించి పంపింది.

అతను వెళ్ళగానే నన్ను షట్టరు దించమంది. పట్టపగలు ఎందుకని అడిగాను. కనకలక్ష్మి బండి కుంగిందని ఆటోనగర్ చూస్తే ఇంకేమన్నా ఉందా అంది. లైటు వేసి, నేను హ్యాండిల్ పట్టుకోగా, ఫోర్కులో గాలి కొంచెం తీయడం, ఎక్కి కూర్చోవడం, దిగి మళ్ళీ తీయడం. ఫోర్కు రెండు వేళ్ళ మందం కిందికి దిగింది. ఆవిడ కళ్ళు మూసుకుంది, ఇంజెక్షన్ చేయించుకుంటున్నట్టు. అంతలో బయట ఎవరో షట్టరు బాదారు. పనివేళలో షాపు మూసేసరికి మా ఇంట్లో ఎవరో పోయారనుకుని పక్క షాపులవాళ్ళు నలుగురు పరామర్శకి వచ్చారు. ఎవరూ పోలేదని నమ్మించి పంపడానికి టీలు తెప్పించాల్సొచ్చింది.

ఆదివారం నేను పళ్ళవరస పక్కన నిలబడ్డాను. డాక్టరు అప్పటికే దిగి కింద కారు దగ్గర ఉన్నాడు. పైన మలుపులో నా పాత చొక్కా కనపడింది. ఆవిడ పడిపోవాలని నేను కోరుకోలేదు. కాలు కింద పెడితే చాలని మాత్రం కోరుకున్నాను. కాలు పెడితే సైకిల్ పోతుంది, నా ఆదివారాలు నాకొస్తాయి.

మొదటి రాయి మీద ఫోర్కు కుంగి లేచింది. రెండో దాని మీద ఇంకా లోతుకి పోయి లేచింది. ఎముక విరిగిన చోటికి వచ్చేసరికి నేను పక్కనున్న రాయిని గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ భుజాలు మాత్రం బల్లమీద పెట్టిన గ్లాసులో నీళ్ళలా ఉన్నాయి. నా పక్కనుంచే వెళ్ళిపోయింది. నన్ను చూడనైనా లేదు. మొహం చూశాను. చిన్నపిల్ల మొహం అది. ఆ సైకిల్‌ని అమ్మించబోయాను కదా అని నాకు ఏడుపొచ్చింది.

నేను రాళ్ళు పట్టుకుని కిందికి దిగేసరికి డాక్టరు ఖాళీ స్టాండు మడుస్తున్నాడు. ఆవిడ పులిహోర తింటోంది. నాకు భయమేసింది లక్ష్మీ అని చెప్పాను. ప్రతి వారం వేస్తుందని కూడా చెప్పాను.

ఆవిడ డబ్బా నా చేతికిచ్చి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది, షాపు ముందు ఆగిన బండిని చూసినట్టు.

"ఏమండీ, పాత ఫోర్కు ఊరికే పడుంది. దానికో ఫ్రేము చూశాను," అంది. "మీ బరువెంతండీ?"